ఆర్సెనలు సంఘము మేనేజరును వెదకిన కథ

నేడు నేను చెప్పబూనినది రాజుల చరిత్రము గాదు, యుద్ధముల చరిత్రమును గాదు. లండను నగరమున జీతములకు ఆటలాడించు ఒక ఫుట్‌బాలు సంఘము 1925 వ సంవత్సరమున తనకొక మేనేజరును వెదకికొనిన వృత్తాంతము. ఇదియు నొక చరిత్రమేనా యని పెద్దలు కొందరు నవ్వవచ్చును. ఒక సంస్థయొక్క పెత్తనమును ఎవని చేతిలో బెట్టవలెను, పెట్టిన పిదప ఆ చేతిని కట్టివేయక విడువగలమా యను ప్రశ్న గ్రామ పంచాయతికిని, దేవస్థానమునకును, రాజ్యమునకును గూడ నున్నదే. అందుచేతనే ఈ చిన్నకథను ఎన్నుకొంటిని.

ఇంగ్లండు దేశమున ఫుట్‌బాలు వినోదము మాత్రమే గాదు, అదియొక వృత్తి. నాటి నిబంధనల ప్రకారము ఆటగానికి వారమునకు 8 పౌనులకు మించి జీత మీయరాదు. సంఘమునకు మూలధనము పెట్టినవారు డైరెక్టర్లు. వారిలో పెక్కురు వర్తకులు, గుత్తేదారులు. అయినను శనివారపు ఆటకు పదునొకండుగురను ఏరుట చాలచోట్ల వారి చేతిలోనిదే. మేనేజరను పేరుగలవాడు ఉత్తరములు వ్రాయుచు, రైలు టిక్కెట్లు కొనుచు, ఓడినపుడు తిట్లు తినుచు నుండెడివాడు. చెరువునకు నీరుగంటిని నియమించి, తూము తలుపెత్తు అధికారమును మాత్రము పదిమంది రైతులు తమయొద్దనే యుంచుకొనినట్లుండెను.

ఆర్సెనలు సంఘమున పదిమంది గూడ లేరు, ఒక్కడే. సర్ హెన్రీ నారిసు ఇండ్లు కట్టించి ధనము గడించినవాడు. పార్లమెంటు సభ్యుడుగా నుండినవాడు. 1913 లో సంఘమును ప్లంస్టెడ్డు నుండి పెల్లగించి తెచ్చి ఉత్తర లండనులోని హైబరీయందు నాటినవాడు. పట్టుదలగల మనుష్యుడే, కాని ఎవరిని నమ్మడు. ఆతని క్రింద ఆరేండ్లు మేనేజరుగా నుండిన లెస్లీ నైటనునకు మంచి ఆటగాండ్రను తెచ్చుటకు సొమ్ము లేదు. ఒక సంఘము నుండి ఆటగానిని మరియొక సంఘము తెచ్చుకొనవలెనన్న పాతవారికి వెల చెల్లింపవలెను. ఆ వెలలనగా నారిసునకు గిట్టదు. 1925 నాటికి 22 జట్లలో ఆర్సెనలు 20 వ స్థానమునకు దిగెను. ఇంకొక మెట్టు జారిన రెండవ తరగతియే. నైటనును పంపివేసిరి.

మే నెలలో ఒక క్రీడా పత్రికలో ప్రకటన వెలువడెను. అనుభవమును, సామర్థ్యమును, సచ్ఛీలమును గలవారు దరఖాస్తు పెట్టుకొనవచ్చుననియు, భారీ వెలలు పోసి ఆటగాండ్రను గొనుటచేత మాత్రమే జట్టును గట్టగలవారు రానక్కరలేదనియు దాని సారాంశము. ఈ ప్రకటనను చదివినపుడెల్ల నాకు మా యూరి సంగతియే జ్ఞప్తికి వచ్చును. సహకార సంఘమునకు గుమాస్తాను వెదకుటకు కూడిన సభలో నేనును గూర్చుంటిని. లెక్కలు తెలిసినవాడు కావలెను, నమ్మకస్థుడు కావలెను, రాత్రింబవళ్లు అందుబాటులో నుండవలెను, జీతము మాత్రము ఎక్కువ అడుగరాదు అని ఏకగ్రీవముగా తీర్మానించితిమి. అట్టివాడు మాకు దొరకలేదు. నారిసునకు మనిషి దొరకెను. గాని అతడు ప్రకటనలోని మనిషి గాడు.

హెర్బర్టు చాప్మను 1878 లో యార్కుషైరు బొగ్గుగనుల పల్లెలో, గని కార్మికుని యింట బుట్టెను. ఆటగాడుగా గొప్ప పేరులేదు. లీడ్సు సిటీ అను జట్టునకు మేనేజరుగా నుండగా మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. యుద్ధకాలమున ఆ సంఘమువారు నిబంధనలకు విరుద్ధముగా ఆటగాండ్రకు సొమ్ము ముట్టజెప్పిరని అభియోగము. లెక్కల పుస్తకములు చూపుడనగా చూపరైరి. 1919 లో సంఘమునే వెలివేసి, ఆటగాండ్రను ఒక హోటలులో వేలము వేసిరి. చాప్మను జీవితాంతము ఆటలలో బనిచేయరాదని నిషేధము విధించిరి. అతడు ఒక కర్మాగారమున ఉద్యోగము చూచుకొనెను, అదియు బోయెను. ఆ చెల్లింపుల కాలమున తాను మందుగుండు కర్మాగారమున బనిచేయుచుంటినని విన్నవించుకొనగా నిషేధమును రద్దుచేసిరి. 1921 లో హడర్సుఫీల్డు సంఘము అతనికి నీడ నిచ్చెను. మరుసటి యేడే కప్పు గెలిచిరి. 1924 లోను, 1925 లోను లీగు పోటీలో ప్రథమస్థానము వారిదే. వెలివేయబడినవానిని పిలిచి పీట వేసిన ఆ చిన్న పట్టణమువారి ధైర్యమును నారిసు కీర్తితోబాటు ఎవరును చెప్పరు, నేను చెప్పుచున్నాను.

గెలుచుచున్న జట్టును విడిచి మునుగుచున్న జట్టునకు చాప్మను ఏల పోయెను? ఏడాదికి 2,000 పౌనుల జీతము ఒక కారణము. లండను జనసంఖ్య మరియొక కారణము. జట్టు వ్యవహారము తన చేతిలో నుండవలెనను కోరిక అన్నిటికంటె పెద్దది. వచ్చిన కొలదికాలమునకే సండర్లండు నుండి చార్లీ బకనును దెచ్చిరి. సండర్లండువారు 4,000 పౌను లడిగిరి. నారిసు బేరమాడి, ఇప్పుడు 2,000, తరువాత మొదటి యేడు వేసిన ప్రతి గోలునకు 100 చొప్పున అని ఒప్పందము కుదుర్చుకొనెను. బకను 21 గోలులు వేసెను! అడిగినదానికి నూరు పౌనులు పైన చెల్లెను.

ఆ వేసవిలోనే ఆట నిబంధన మారినది. ముందున్న ఆటగానికి బంతి నందింపవలెనన్న, అతనికిని ఎదుటి గోలుకొసకును నడుమ ఎదుటివారు ముగ్గురైన నుండవలెనని పాత కట్టుబాటు. దానిని ఇద్దరికి దించిరి. గోలులు వరదగా బారెను. మొదటి తరగతిలో అంతకుముందటి యేడు 1,192 గోలులు, ఈయేడు 1,703. ఆ వరదలో మునిగినవారిలో ఆర్సెనలు నొకటి. 1925 అక్టోబరు 3 వ తేదీన న్యూకాసిలు చేతిలో 7-0 గా నోడిరి.

ఇక్కడ కొంచెము నిలువవలెను. లీగు విజేతయై పెద్దజీతమునకు వచ్చిన మేనేజరునకు నాలుగు నెలలు తిరుగకముందే ఏడు గోలుల పరాభవము. ఇట్టి వేళ అధికారి తన అధికారమును జూపించుటయే లోకరీతి. చాప్మను జట్టును గూర్చుండబెట్టి వారి మాట వినెను. బకను ఒక ఉపాయము చెప్పెను: అంతవరకు ముందునకు వెనుకకు స్వేచ్ఛగా దిరుగు నడిమి ఆటగానిని వెనుకకు దింపి, ఇద్దరు రక్షకుల మధ్య కావలి నిలుపవలెను, నడుమ ఏర్పడు ఖాళీని ముందువారిలో నొకడు వెనుకకు వచ్చి పూరింపవలెను. ఆ పనికి తానే పోవుదునని బకను కోరెను. చాప్మను అంగీకరింపలేదు, అతని గోలులు కావలెను. మూడవ జట్టులో నాడుచున్న ఆండీ నీలును ఆ చోట నిలిపిరి. రెండు దినములకు వెస్టుహాంపై 4-0 గా గెలిచిరి. ఈ పన్నాగమును ఇతరులును ప్రయత్నించుచుండిరి గాన కీర్తి యెవరిదను వాదము నేటికిని కలదు. ఆ వాదమున నాకు ఆసక్తి లేదు. ఓడిన రాత్రి సేవకుని మాట యజమానులవద్దకు బోయి తిరిగిరానక్కరలేక, అక్కడికక్కడ నిర్ణయమగుటయే నాకు ముఖ్యము. ఆ యేడు ఆర్సెనలు ద్వితీయస్థానము నందెను. ప్రథమస్థానము హడర్సుఫీల్డుది, వరుసగా మూడవది. చాప్మను కూర్చి విడిచివచ్చిన జట్టే.

ఇంతలో నారిసు గతి వేరైనది. సంఘపు సొమ్మును తన ఖర్చులకు వాడుకొనెనని 1927 లో విచారణ జరిగి ఆటల వ్యవహారము నుండి బహిష్కృతుడయ్యెను. జట్టు మోటారుబస్సు నమ్మగా వచ్చిన 125 పౌనులును ఆ అభియోగములలో నుండెను. 1929 లో వేసిన పరువునష్టపు దావాయు ఓడిపోయెను. మరుసటి పెద్దలు చాప్మనుకు చేయి విడిచిరి. 1928 లో డేవిడ్ జాకును బోల్టను నుండి 10,890 పౌనులకు కొనిరి. అంతకుముందెవరును అంత వెల యీయలేదు. పాత ప్రకటనను ఎవరైన జ్ఞప్తికి దెచ్చుకొనిరేమో!

1930 ఏప్రిలు 26 న వెంబ్లీ మైదానమున కప్పు పోటీ తుది ఆట. ఎదుటివారు హడర్సుఫీల్డువారే. ఒకే మనిషిచే తీర్పబడిన రెండు జట్లును ఆతని గౌరవార్థము ప్రక్కప్రక్కన నడచుచు మైదానమున బ్రవేశించినవి. ఆట నడుమ జర్మనీ దేశపు గ్రాఫ్ జెప్పెలిను విమాననౌక తలపైన దిగువగా సాగిపోయెను. ఆర్సెనలు 2-0 గా గెలిచెను. 1931 లోను, 1933 లోను లీగు వారిదే. 1932 లో దగ్గరి భూగర్భ రైలు స్టేషను పేరును గూడ చాప్మను ప్రోద్బలమున ఆర్సెనలు అని మార్చిరి.

1934 జనవరి మొదటి వారమున జలుబు పట్టియున్నను, వైద్యుని మాట వినక, చలిలో మూడవ జట్టు ఆట చూడ గిల్డుఫర్డునకు బోయెను. న్యుమోనియా వచ్చెను. 6 వ తేదీ శనివారము తెల్లవారుజామున తన 55 వ యేట మరణించెను. ఆనాటి మధ్యాహ్నపు ఆట ఆగలేదు. ఆ వేసవిలో అతని స్థానమునకు వచ్చిన జార్జి అల్లిసను సంఘపు డైరెక్టర్లలో నొకడు, బి. బి. సి. రేడియోలో ఆటలను వర్ణించి చెప్పుటచే పేరువడసినవాడు. ఆటగాండ్రను తీర్చుపనిని జో షాకును, టాం విట్టేకరునకును విడిచి తక్కిన వ్యవహారము తాను చూచుకొనెను. 1934 లోను, 1935 లోను ఆర్సెనలే గెలిచినది. హడర్సుఫీల్డువలె వారికిని వరుసగా మూడు. హడర్సుఫీల్డువలెనే, మూడవదానిని చూచుటకు చాప్మను అచట లేడు.