వెన్నెల అసలు ఎక్కడిది? విక్రమ్ ల్యాండర్‌కు 14 రోజులే ఎందుకు దక్కాయి? చంద్రుడి లెక్క ఇదీ..

2023 ఆగస్టు 23.. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలు. చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గర్లో సేఫ్‌గా దిగింది. దేశమంతా సంబరాల్లో మునిగిపోయింది. కానీ ఆ క్షణం నుంచే విక్రమ్‌కు కౌంట్‌డౌన్ మొదలైంది. అక్కడ పొద్దుగూకేలోపు పని మొత్తం పూర్తి చేయాలి. గడువు సుమారు 14 రోజులు మాత్రమే. ఏ రోజు దిగాలో, ఏ రోజు పని ఆపాలో నిర్ణయించింది చంద్రుడి మీద పడే ఎండే.

మన పున్నమి, అమావాస్య, పంచాంగంలోని తిథులు, గ్రహణాలు.. వీటన్నింటి వెనక ఉన్నది కూడా ఆ ఎండ, చంద్రుడి కదలికే. ఆ లెక్క ఏంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

చంద్రుడికి సొంత వెలుగు లేదు

చంద్రుడు రాళ్లు, దుమ్ముతో నిండిన గోళం. నక్షత్రంలా మండదు. సూర్యుడి వెలుగు దానిపై పడి, అందులో కొంత తిరిగి మన వైపు వస్తుంది. మనం వెన్నెల అంటున్నది దాన్నే. సూర్యుడి నుంచి బయలుదేరిన వెలుగు చంద్రుడిని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. అక్కడి నుంచి భూమికి రావడానికి సెకనున్నర కూడా పట్టదు.

చాలామందికి తెలియని విషయం ఏంటంటే.. చంద్రుడు అసలు తెల్లగా ఉండడు. తన మీద పడిన వెలుగులో 12 శాతం వరకే తిప్పి పంపుతాడు. మిగతాది ఆ నేల పీల్చేసుకుంటుంది. బాగా వాడిన తారు రోడ్డు ఎంత వెలుగును తిప్పి పంపుతుందో చంద్రుడి నేల కూడా దాదాపు అంతే. మరి పాలలా తెల్లగా ఎందుకు కనిపిస్తాడు? చుట్టూ ఉన్న ఆకాశం నల్లగా ఉంటుంది కాబట్టి. చీకట్లో తారు రోడ్డు మీద హెడ్‌లైట్ పడితే మెరిసినట్టు కనిపిస్తుంది కదా.. ఇదీ అలాంటిదే. నిజానికి పున్నమి వెన్నెల పట్టపగటి ఎండ కంటే దాదాపు 4 లక్షల రెట్లు తక్కువ.

సగం చంద్రుడు అంటే సగం వెలుగు కాదు

అష్టమి నాడు చంద్రుడు సగం కనిపిస్తాడు. అంటే పున్నమి వెలుగులో సగం ఉండాలి కదా? ఉండదు. సుమారు పదో వంతే ఉంటుంది. కారణం నీడలు. అష్టమి నాడు సూర్యుడి వెలుగు పక్క నుంచి పడుతుంది. కొండలు, గుంతలు, చివరికి దుమ్ము రేణువుల నీడలు కూడా పొడుగ్గా పరుచుకుంటాయి. పున్నమి నాడు వెలుగు ఎదురుగా పడుతుంది కాబట్టి మనకు నీడలు దాదాపు కనిపించవు. పైగా అక్కడి దుమ్ము, వెలుగు వచ్చిన దిక్కుకే ఎక్కువగా తిప్పి పంపుతుంది. అందుకే పున్నమి ఒక్కసారిగా అంత వెలుగ్గా అనిపిస్తుంది.

టెలిస్కోప్ ఉన్నవాళ్లు గుంతలు చూడాలంటే పున్నమి కంటే అష్టమి దగ్గరి రోజులే బెస్ట్. నీడల వల్లే గుంతల లోతు తెలుస్తుంది.

పెరగడం, తరగడం భూమి నీడ వల్ల కాదు

చంద్రుడు రోజురోజుకూ తరిగిపోవడానికి భూమి నీడే కారణమని చాలామంది అనుకుంటారు. ఇది తప్పు. చంద్రుడి గోళంలో ఎప్పుడూ సగానికి ఎండ ఉంటుంది, సగం చీకట్లో ఉంటుంది. గ్రహణం టైమ్‌లో తప్ప ఇందులో మార్పు లేదు. ఎండ పడిన ఆ సగంలో మనకు ఎంత కనిపిస్తోంది అన్నదే మారుతుంది.

అమావాస్య నాడు చంద్రుడు సూర్యుడు ఉన్న వైపే ఉంటాడు. ఎండ పడిన భాగం అవతలికి ఉంటుంది కాబట్టి మనకు కనిపించదు. అక్కడి నుంచి పడమటి నుంచి తూర్పుకు జరుగుతూ విదియ, తదియ నాటికి నెలవంకగా కనిపిస్తాడు. పున్నమి నాటికి సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకు వస్తాడు. అందుకే ఆ రోజు ఇటు సూర్యుడు అస్తమిస్తుంటే అటు చంద్రుడు ఉదయిస్తాడు.

ఆకాశంలో చంద్రుడు గంటకు సుమారు తన వెడల్పు అంత దూరం తూర్పుకు జరుగుతాడు. దీనివల్ల చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యం అవుతుంది. ఆశ్వయుజ బహుళ తదియ నాడు వచ్చే అట్లతద్దికి ఉపవాసం ఉన్నవాళ్లు పొద్దుగూకిన తర్వాత కూడా చంద్రుడి కోసం కాచుకుని కూర్చోవాల్సి వచ్చేది ఇందుకే.

నెలవంకను జాగ్రత్తగా చూస్తే మిగతా గోళం కూడా మసక మసకగా కనిపిస్తుంది. అది భూమి ఇచ్చిన వెలుగు. తన మీద పడిన ఎండలో భూమి దాదాపు 30 శాతం తిప్పి పంపుతుంది. అందులో కొంత చంద్రుడిని తాకి మళ్లీ మన కంటికి చేరుతుంది.

27 రోజులా? 29 రోజులా?

చంద్రుడు భూమి చుట్టూ ఒక రౌండ్ తిరగడానికి 27 రోజుల 8 గంటలు పడుతుంది. కానీ అమావాస్య నుంచి అమావాస్యకు 29 రోజులన్నర. ఈ తేడా ఎందుకు? చంద్రుడు రౌండ్ పూర్తి చేసేలోపు భూమి కూడా సూర్యుడి చుట్టూ కొంత ముందుకు వెళ్లిపోతుంది. సూర్యుడితో మళ్లీ అదే వరుసలోకి రావాలంటే చంద్రుడు ఇంకో రెండు రోజులకు పైగా ప్రయాణించాలి.

మన పంచాంగంలో ఈ రెండు లెక్కలూ ఉన్నాయి. అశ్విని నుంచి రేవతి దాకా 27 నక్షత్రాలు మొదటి లెక్కకు సంబంధించినవి. 30 తిథులు రెండో లెక్కవి. సూర్యుడికి, చంద్రుడికి మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి కక్ష్య గుండ్రంగా కాకుండా కాస్త కోలగా ఉంటుంది. భూమికి దగ్గరైనప్పుడు వేగం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. అందుకే ఒక్కో తిథి ఒక్కోలా.. సుమారు 19 గంటల నుంచి 26 గంటలకు పైగా ఉంటుంది. పండుగ ఏ రోజు చేసుకోవాలన్న తిథి మిగులు తగులు గొడవంతా వచ్చేది ఇక్కడి నుంచే.

ఇక 12 చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. ఏడాదికి 11 రోజులు తక్కువ. ఆ లోటు సర్దడానికే అధిక మాసం. 2023లో అధిక శ్రావణం వచ్చింది కూడా అందుకే.

ఎప్పుడూ ఒకే ముఖం

చంద్రుడు భూమి చుట్టూ తిరగడానికి ఎంత టైమ్ పడుతుందో, తన చుట్టూ తాను తిరగడానికీ అంతే పడుతుంది. కాబట్టి మనకు ఎప్పుడూ ఒకే ముఖం కనిపిస్తుంది. అవతలి వైపును మొదటిసారి ఫొటో తీసింది 1959లో సోవియట్ నౌక లూనా-3. అటువైపు మొదట దిగింది 2019 జనవరిలో చైనా పంపిన చాంగే-4.

అవతలి వైపు ఎప్పుడూ చీకటే అనుకుంటే పొరపాటే. మనకు అమావాస్య అయినప్పుడు అటువైపు పట్టపగలు.

విక్రమ్‌కు 14 రోజులే ఎందుకు?

అసలు విషయం ఇక్కడే ఉంది. చంద్రుడి మీద ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి 29 రోజులన్నర. అంటే పగలు సుమారు 14 రోజులు, రాత్రి సుమారు 14 రోజులు. విక్రమ్, ప్రజ్ఞాన్ రోవర్ రెండూ సోలార్ ప్యానెళ్లతో పనిచేసేవే. అందుకే దిగాల్సిన చోట తెల్లవారే రోజు చూసుకుని ఇస్రో ల్యాండింగ్ పెట్టుకుంది. ఆ అవకాశం తప్పితే అక్కడ మళ్లీ సూర్యోదయం అయ్యే దాకా, అంటే సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చేది.

ఆ కొద్ది రోజుల్లోనే ప్రజ్ఞాన్ 100 మీటర్లకు పైగా తిరిగింది. నేలలో సల్ఫర్ ఉన్నట్టు తేల్చింది. పైన ఎండ వేడి ఉన్నా నేలలో కొన్ని సెంటీమీటర్ల లోతుకే ఉష్ణోగ్రత బాగా పడిపోతోందని విక్రమ్ పరికరం చూపించింది. సెప్టెంబర్ 2న రోవర్‌ను, 4న ల్యాండర్‌ను ఇస్రో నిద్రపుచ్చింది.

చంద్రుడి మీద గాలి లేదు. పగటి వేడిని రాత్రికి పట్టి ఉంచే దుప్పటి లాంటిది ఏదీ లేదు. ఆ ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 200 డిగ్రీల దాకా పడిపోవచ్చని అంచనా. సెప్టెంబర్ 22 నాటికి అక్కడ మళ్లీ తెల్లవారింది. ఇస్రో పిలిచింది. కానీ ఆ చలికి విక్రమ్, ప్రజ్ఞాన్ మళ్లీ లేవలేదు.

ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదు?

భూమి, సూర్యుడి తలంతో పోలిస్తే చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వంగి ఉంటుంది. కాబట్టి చాలా పున్నములకు చంద్రుడు భూమి నీడకు కాస్త పైనుంచో, కిందనుంచో వెళ్లిపోతాడు. నీడలోకి వచ్చినప్పుడే చంద్రగ్రహణం.

2025 సెప్టెంబర్ 7 రాత్రి అదే జరిగింది. రాత్రి 11 గంటల నుంచి 82 నిమిషాల పాటు చంద్రుడు పూర్తిగా నీడలో ఉన్నాడు. అయినా మాయం కాలేదు, ఎర్రగా కనిపించాడు. భూమి చుట్టూ ఉన్న గాలి పొర సూర్యుడి వెలుగులో ఎరుపును వంచి చంద్రుడి మీదకు పంపడమే కారణం. చంద్రగ్రహణాన్ని నేరుగా కంటితో చూసినా ప్రమాదం లేదు. అప్పుడు కనిపించేది మామూలు వెన్నెల కంటే కూడా తక్కువ వెలుగు. సూర్యగ్రహణం వేరు.. దాన్ని సరైన ఫిల్టర్ అద్దాలు లేకుండా అస్సలు చూడకూడదు.

దూరం జరుగుతున్న చందమామ

1969లో అపోలో-11 వ్యోమగాములు చంద్రుడి మీద ప్రత్యేక అద్దాలు పెట్టి వచ్చారు. భూమి నుంచి లేజర్ కొడితే అవి తిప్పి పంపుతాయి. వెళ్లి వచ్చిన టైమ్‌ను బట్టి దూరం తేల్చుతారు. ఇలా తెలిసిందే.. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడు. సముద్రాల్లో ఆటుపోట్లే దీనికి కారణం.

ముఖ్యమైన అంకెలు

* భూమి నుంచి సగటు దూరం: 3,84,400 కిలోమీటర్లు
* భూమి చుట్టూ వేగం: సెకనుకు దాదాపు 1 కిలోమీటరు
* భూమితో కలిసి సూర్యుడి చుట్టూ వేగం: సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు
* వెలుగును తిప్పి పంపేది: సుమారు 12 శాతం
* పున్నమి నుంచి పున్నమికి: 29 రోజులన్నర

విక్రమ్ పని పూర్తిగా ఆగిపోలేదు

విక్రమ్ పైన నాసా ఇచ్చిన చిన్న రిఫ్లెక్టర్ ఒకటి ఉంది. వెడల్పు 5 సెంటీమీటర్లే. దీనికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. 2023 డిసెంబర్ 12న చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి విక్రమ్ వైపు లేజర్ పంపింది. వెలుగు తిరిగి వచ్చింది. అప్పటికి విక్రమ్ నిద్రపోయి మూడు నెలలు దాటింది. ముందు ముందు చంద్రుడి మీద దిగే నౌకలకు దారి చూపే గుర్తుగా ఆ రిఫ్లెక్టర్ దశాబ్దాల పాటు ఉపయోగపడుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు.