తలుపు లోపల తలుపు

"అమెరికా వాళ్లకి ఇంగ్లిష్ చెప్పడానికి తెనాలి నుంచి మనిషి కావాల్సి వచ్చిందా?" అని బాబాయి ఫోన్ చేసినప్పుడల్లా నవ్వుతాడు. ఆయన ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ముప్ఫయ్యేళ్లు పాఠం చెప్పి రిటైరయ్యాడు. నేనూ ఇక్కడ మేరీలాండ్‌లో జూనియర్ కాలేజీ టీచర్నే అంటే, ఇంటర్ పిల్లలనుకున్నాడు. కాదు. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీ అంటున్న వీటిలో చెప్పేది డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు. నా క్లాసులో పద్దెనిమిదేళ్ల కుర్రాడి పక్కన, నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఇద్దరు బిడ్డల తల్లి కూర్చుంటుంది.

ఈ కాలేజీలు 1901లో, చికాగో దగ్గర జోలియెట్ అనే ఊళ్లో, ఆరుగురు విద్యార్థులతో మొదలయ్యాయి. పిల్లలు ఊరు దాటకుండా, హైస్కూల్లోనే ఇంకో రెండేళ్లు చదువుకోవాలన్నది అక్కడి హైస్కూల్ అధికారి స్టాన్లీ బ్రౌన్, చికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం హార్పర్ కలిసి చేసిన ఆలోచన. రెండో ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు ప్రభుత్వ ఖర్చుతో చదువుకు బారులు తీరాక, అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ 1947లో ఇలాంటి కాలేజీలు దేశమంతా రావాలంది. 'కమ్యూనిటీ కాలేజీ' అన్న పేరు జనం నోట పడింది ఆ నివేదికతోనే. 1960ల్లో ఇవి పుట్టగొడుగుల్లా లేచాయి. ఇప్పుడు దాదాపు వెయ్యి ఉన్నాయి. ఎంసెట్ ర్యాంకు లేదు, కటాఫ్ లేదు. వచ్చినవాళ్లందరికీ సీటే.

కానీ వీధి తలుపు బార్లా తెరిచి, లోపల ఇంకో తలుపు పెట్టారు. చాలాచోట్ల చేరేటప్పుడే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఓ పరీక్ష. అందులో తప్పితే రెమిడియల్ క్లాసులు, ఒక్కోసారి రెండు మూడు మెట్లు. ఫీజు కట్టాలి, డిగ్రీ లెక్కలోకి మాత్రం రావు. ఒక మెట్టు పాసై కూడా రెండో మెట్టుకి రానివాళ్లు ఎందరో. ఈలోగా ఉద్యోగంలో షిఫ్టు మారుతుంది, కారు చెడుతుంది, బిడ్డ పుడుతుంది.

బాల్టిమోర్ ప్రాంతపు కమ్యూనిటీ కాలేజీలో పీటర్ ఆడమ్స్ అనే ఇంగ్లిష్ మాస్టారు కూర్చుని ఈ లెక్కలు తీశాడు. రెమిడియల్ తప్పదన్నా వినకుండా నేరుగా అసలు క్లాసులో కూర్చున్న మొండివాళ్లు కొందరు ఉంటారు కదా, వాళ్ల రికార్డులు తిరగేశాడు. చాలామంది పాసయ్యారు! 2007లో ఆయనా, తోటివాళ్లూ ఓ పద్ధతి మొదలుపెట్టారు. ఇరవై మంది అసలు క్లాసులో ఎనిమిది మంది పరీక్ష తప్పినవాళ్లు, పన్నెండు మంది గట్టెక్కినవాళ్లు. క్లాసయ్యాక ఆ ఎనిమిది మందికీ అదే టీచరు ఇంకో గంట.

కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో 1996 నుంచి కమ్యూనిటీ కాలేజీల మీదే పనిచేసే పరిశోధన కేంద్రం ఒకటుంది. వాళ్లొచ్చి లెక్క చూస్తే, పాత దారిలో వెళ్లినవాళ్ల కంటే ఇలా కూర్చున్నవాళ్లు అసలు కోర్సు దాదాపు రెట్టింపు పాసయ్యారు. ఇంగ్లిష్‌లో ప్రతి ముగ్గురిలో ఒకరిని ఆ పరీక్ష బొత్తిగా తప్పు చోట కూర్చోబెడుతోందని అదే కేంద్రం 2012లో తేల్చింది. కాలిఫోర్నియాలో కేటీ హెర్న్, మైరా స్నెల్ అనే ఇద్దరు కమ్యూనిటీ కాలేజీ టీచర్లు 2010 నుంచీ ఇలాంటి పద్ధతులే కాలేజీ కాలేజీకీ మోశారు. 2017లో ఆ రాష్ట్రం చట్టమే చేసింది: చేరేటప్పుడు హైస్కూల్ మార్కులు చూడండి, ఏడాదిలో అసలు క్లాసు దాటే దారి చూపండి అని.

ఈ దేశంలో పరిశోధనకి గొప్ప పేర్లున్న యూనివర్సిటీలు వేరే ఉన్నాయి. పాఠం ఎలా చెప్పాలన్నది పరిశోధించాల్సిన విషయమేనని నాకు నేర్పింది మాత్రం ఎవరూ గొప్పగా చెప్పుకోని ఈ కాలేజీలే. ఇక్కడ పాఠం చెప్పేవాళ్లలో సగానికి పైగా నాలాంటివాళ్లే, మన భాషలో గెస్ట్ లెక్చరర్లు. సొంత గది ఉండదు. జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడే, "నిన్న ఇలా చెప్పి చూశాను, కుదర్లేదు" అని ఒకరికొకరం చెప్పుకుంటాం. కుదరనిదాన్ని బయటికి చెప్పొచ్చని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఇదంతా విని బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. "మేమూ మార్కుల్ని బట్టే ఎ సెక్షన్, బి సెక్షన్ అని విడదీశాం. బి నుంచి ఎ లోకి వచ్చినవాడు ఒక్కడూ గుర్తు రావడం లేదే" అన్నాడు. కాసేపాగి, "ఆ ఎనిమిదీ పన్నెండూ లెక్కేదో వాట్సాప్‌లో పెట్టమ్మా" అన్నాడు.

"రిటైరై పదేళ్లయింది, నీకెందుకు బాబాయ్?"

"పక్కింటి అమ్మాయి ట్యూషన్లు చెబుతోంది. మొద్దులందర్నీ వెనకాల విడిగా కూర్చోబెడుతోంది."