ట్రాక్టర్ బోల్తా గాయాలు: ఆసుపత్రి అనంతర సంరక్షణ

ట్రాక్టర్ తిరగబడి గాయపడిన వ్యక్తి చికిత్స పొంది ఇల్లు చేరాక అవసరమయ్యే వైద్య పర్యవేక్షణ, పుండ్ల శుభ్రత, ఫిజియోథెరపీ, మానసిక ఆసరా అన్నీ ఆసుపత్రి అనంతర సంరక్షణలోకి వస్తాయి. ఈ ప్రమాదాల్లో శరీరం బరువు కింద నలుగుతుంది, పొలం మట్టి గాయంలోకి చేరుతుంది. అందువల్ల కొన్ని ముప్పులు ఆ రోజే కనిపించవు. వారాలు, నెలలు గడిచాక బయటపడతాయి.

ప్రమాద స్వభావం

దమ్ము మడిలో వెనక చక్రాలు దిగబడినప్పుడు ఇంజిన్ వేగం పెంచి బలవంతంగా లాగితే ముందు భాగం పైకి లేస్తుంది. ట్రాక్టర్ వెనక్కి తిరగబడడానికి రెండు సెకన్లు చాలు. గట్టు మీదో, కాలువ కట్ట మీదో పక్కకు ఒరిగిపోవడం మరో తీరు. మడ్‌గార్డ్ మీద కూర్చున్నవారు, ట్రాలీలోని కూలీలు కూడా దెబ్బతింటారు.

మొదటి వారం

కండరాలు చాలాసేపు నలిగితే వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. 1941లో లండన్‌పై బాంబు దాడుల్లో శిథిలాల కింద చిక్కుకున్నవారిలో బైవాటర్స్, బీల్ అనే వైద్యులు ఈ స్థితిని వర్ణించారు. మూత్రం తగ్గినా, ముదురు గోధుమ రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మట్టి అంటిన గాయానికి ధనుర్వాతం ముప్పు ఉంటుంది. చివరి టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే మరో మోతాదు అవసరం. చిన్నప్పటి టీకాలు పూర్తికానివారికి ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. గాయం చుట్టూ ఎరుపు, వాపు, చీము, దుర్వాసన, జ్వరం కనిపిస్తే తర్వాతి ఓపీ తేదీ దాకా ఆగకూడదు.

కడుపుకు దెబ్బ తగిలినవారిలో ప్లీహం నుంచి రక్తస్రావం కొన్ని రోజుల తర్వాత కూడా మొదలుకావచ్చు. కడుపునొప్పితో పాటు ఎడమ భుజం నొప్పి, కళ్లు తిరగడం దాని సూచనలు. ప్లీహం తొలగించినవారికి న్యూమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు తప్పనిసరి.

రెండో వారం నుంచి

తలకు దెబ్బ తగిలినప్పుడు స్కానింగ్ మామూలుగా ఉన్నా, మెదడు పైపొరల కింద రక్తం నెమ్మదిగా చేరి మూడు వారాల తర్వాత లక్షణాలు చూపవచ్చు. వృద్ధుల్లో, రక్తం పలచబరిచే మందులు వాడేవారిలో ఇది ఎక్కువ. తలనొప్పి పెరగడం, మగత, మాట తడబడడం, ఒకవైపు కాలూచేయీ బలహీనపడడం గమనించాల్సిన గుర్తులు.

మంచంలోనే ఉన్నవారికి ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఉన్నట్టుండి ఆయాసం వస్తే అది అత్యవసర స్థితి.

ఎముకల అతుకు

విరిగిన జబ్బ ఎముక సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుకుతుంది. కాలి పెద్ద ఎముకకు నాలుగు నెలలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఎక్స్‌రే చూసి వైద్యుడు చెప్పేదాకా కాలిపై బరువు మోపకూడదు. రాడ్డు, ప్లేటు వేసిన చోట నెలల తర్వాత చీము కారితే ఎముకకు ఇన్ఫెక్షన్ సోకిందేమో పరీక్షించాలి.

తెలుగునాట పుత్తూరు కట్టు వంటి సంప్రదాయ కట్లకు ఆదరణ ఉంది. అయితే చర్మం చీలి ఎముక బయటపడిన గాయానికి కట్టు మాత్రమే చాలదు. ఆపరేషన్ థియేటర్‌లో శుభ్రపరచాలి. ఏ కట్టయినా బిగుతై వేళ్లు నీలబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే భరించలేని నొప్పి వచ్చినా వెంటనే విప్పించాలి. ఆలస్యమైతే కండరం చచ్చిపోతుంది.

కటి ఎముక విరిగిన మగవారిలో మూత్రనాళం సన్నబడి నెలల తర్వాత ధార తగ్గవచ్చు. సిగ్గుతో దాచుకుంటే మూత్రపిండాల దాకా నష్టం పాకుతుంది.

మనసు, జీవనోపాధి

పీడకలలు, ట్రాక్టర్ చప్పుడుకే ఉలికిపాటు, పొలం వైపు వెళ్లలేకపోవడం నెల దాటినా తగ్గకపోతే మానసిక చికిత్స అవసరం. 2022లో మొదలైన టెలి-మానస్ సేవలో 14416 నంబరుకు తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. కూలి పోతుందని తొందరపడి పనికి దిగడం అతుకుకు పెద్ద శత్రువు. అందువల్ల ఇంటివారి సహాయం, ఆసుపత్రికి వెళ్లి రావడానికి చార్జీల ఏర్పాటు, డిశ్చార్జి కాగితాలు భద్రపరచడం కూడా చికిత్సలో భాగమే.

తిరిగి ట్రాక్టర్ ఎక్కేముందు

బ్రేకు, క్లచ్ తొక్కే బలం, మెడ తిప్పే వీలు, చూపు, ఏకాగ్రత తిరిగి వచ్చాయని వైద్యుడు నిర్ధారించాలి. మగత కలిగించే నొప్పి మందులు వాడుతూ నడపకూడదు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం తప్పనిసరి చేయడంతో బోల్తా మరణాలు బాగా తగ్గాయి. ఆ చట్రం, దానితో పాటు సీటుబెల్టు, ఒకసారి గాయపడిన శరీరాన్ని రెండోసారి నలగకుండా కాపాడతాయి.