పేదపేటలో ఫ్యామిలీ డాక్టరు: అమెరికా అనుభవం

అమెరికాలో పేదపేటలకు వైద్యం అందకపోవడానికి డాక్టర్లు అటు వెళ్లకపోవడమే కారణమని అందరూ రాస్తారు. అందులో సగమే నిజం. వెళ్లిన డాక్టరు ఒక్కో రోగి దగ్గర ఎంతసేపు కూర్చోగలిగాడో ఎవరూ అడగరు.

1965 జులైలో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య బీమా చట్టాలు వచ్చాయి. అక్టోబరులో వలస చట్టం మారి మన డాక్టర్లకు దారి తెరుచుకుంది. ఇది తెలిసిన కథే. మిసిసిపీలోని మౌండ్ బయూను మాత్రం తలుచుకునేవారు తక్కువ. అక్కడి ఆరోగ్యకేంద్రంలో డాక్టర్ జాక్ గైగర్, ఆయన సహచరులు పస్తులుంటున్న కుటుంబాలకు మందుచీటీ మీద తిండి రాసిచ్చారు. కిరాణా బిల్లు మందుల ఖాతాలోంచి కట్టారు. ఇదేం పద్ధతని అధికారులు నిలదీస్తే, పోషకాహార లోపానికి మందు తిండేనని గైగర్ బదులిచ్చారు.

తర్వాత ఆ చూపు పోయి, తలల లెక్క మిగిలింది. దేశంలో డాక్టర్ల కొరత తీరిందంటూ 1976 చట్టం విదేశీ వైద్యులకు షరతులు బిగించింది. మిసిసిపీ డెల్టాలో, అపలాచియా బొగ్గు ఊళ్లలో కొరత అలాగే ఉంది. చివరికి 1994లో నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరిట వీసా మినహాయింపు వచ్చింది. శిక్షణ కోసమిచ్చే జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్లు రెండేళ్లు స్వదేశానికి పోనక్కర్లేదు, కొరత ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే చాలు. రాష్ట్రానికి ఏటా 20 మంది. 2002 నుంచి 30. మన మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లూ ఈ దారిన వెళ్లారు. సన్మాన సభల్లో దీన్ని సేవాభావం అంటాం. గడువు తీరినా అక్కడే ఉండిపోయినవాళ్ల విషయంలో ఆ మాట చెల్లుతుంది. అయితే తొలి అడుగు వేయించింది వీసాయే.

కొరతకు ప్రభుత్వం పెట్టుకున్న కొలత సాధారణంగా 3,500 మందికి ఒక డాక్టరు. ఒకరు చేరగానే అంకె మెరుగవుతుంది. ఆ ఒక్కరి గదిలోకి వచ్చే మనిషి షుగరు, బీపీ, దిగులు, ఇంటి అద్దె బెంగ అన్నీ ఒకేసారి మోసుకొస్తాడు. చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ ఇచ్చే ఫీజు మెడికేర్ కన్నా తక్కువ. క్లినిక్ గడవాలంటే ఇంకా ఎక్కువమందిని చూడాలి, అంటే ఒక్కొక్కరికీ తక్కువసేపు. కేంద్ర సాయమందే ఆరోగ్యకేంద్రాలకు వేరే రేటుంది, కాదనను. అదీ ప్రధానంగా విజిటు లెక్కనే. అవసరం ఎక్కువున్న చోటే వైద్యం తక్కువ దొరుకుతుందని వేల్స్‌లో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే రాశారు.

డాక్టర్ల సంఖ్యను కాక పేటల లేమినే కొలవడానికి గోపాల్ సింగ్ 2003లో ఒక సూచీ ప్రచురించారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం దాన్ని దేశమంతటికీ మ్యాపుగా మలిచింది. పనికొచ్చేదే, కానీ ఇళ్ల ధరలకు అందులో బరువెక్కువ. న్యూయార్క్ బ్రాంక్స్‌లాంటి చోట ఇల్లు ఖరీదైనది కాబట్టి పేదరికం తక్కువగా కనబడుతుంది. ఇంత తప్పుడు తూకంతో నిధులు పంచడం నాకు సమ్మతం కాదు.

ఇక ఫీజు సంగతి. ప్రాథమిక వైద్యానికి మెడికెయిడ్ ఫీజును మెడికేర్‌తో సమానం చేసి కేంద్రం డబ్బిచ్చింది 2013, 2014 రెండేళ్లే. తర్వాత దాన్ని కొన్ని రాష్ట్రాలు సొంత ఖర్చుతో కొనసాగించాయి, చాలావి వదిలేశాయి.