కౌబాయ్ కట్టుకథ, లంబాడీ చరిత్ర

విన్న ప్రతి కథనాన్నీ సమాజ స్వభావంతో సరిచూడకుండా స్వీకరించే చరిత్రకారుడు పొరబడతాడని ఇబ్నె ఖల్దూన్ 1377లో రచించిన ‘ముఖద్దిమా’లో హెచ్చరించాడు. ఆ హెచ్చరికకు రెండు ఉదాహరణలు పక్కపక్కన పరిశీలించదగినవి. ఒకటి అమెరికా పచ్చిక మైదానాలది. రెండవది వికారాబాద్, తాండూరు ప్రాంతానిది.

తెలుగు ప్రేక్షకులకు కౌబాయ్‌ను బాగా పరిచయం చేసినది 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’ చిత్రం. గుర్రంపై తుపాకీతో తిరిగే ఒంటరి వీరుడు ఆ కౌబాయ్. వాస్తవంలో అతడు కూలికి పశువులను తోలిన కాపరి. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసిన తరువాత టెక్సాస్ మందలను వందల మైళ్లు నడిపించి కాన్సాస్ రైలు స్టేషన్లకు చేర్చడం అతని పని. జీతం నెలకు సుమారు 25 నుండి 40 డాలర్లు. ఈ కాపరులలో దాదాపు నలుగురికి ఒకరు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. వారిలో అనేకులు బానిసత్వం నుండి విముక్తి పొందినవారు. మెక్సికన్లు కూడా ఎందరో ఉన్నారు. తాడు విసిరి పశువును పట్టే నేర్పు మెక్సికో ‘వకేరో’ల నుండి వచ్చినదే. స్పెయిన్ నుండి మెక్సికోకు చేరిన పొట్టి రికాబుల స్వారీకి ‘జినేతా’ అని పేరు. అందలూసియాలో రౌతులుగా పనిచేసిన ఉత్తరాఫ్రికా జెనాతా బర్బరుల పేరే దానికి మూలం. ఇక తుపాకీ విషయానికి వస్తే, డాడ్జ్ సిటీ వంటి పశువుల పట్టణాలలో ఆయుధంతో తిరగడమే నిషిద్ధం. 1883లో ఆరంభమైన బఫెలో బిల్ ప్రదర్శనలు, ఆపై నవలలు, సినిమాలు ఈ కూలివానిని తెల్లజాతి వీరునిగా తీర్చిదిద్దాయి.

1874లో ముళ్లతీగకు పేటెంటు లభించింది. ముళ్లకంచెలు, రైలు మార్గాలు, 1886–87 నాటి భయంకరమైన చలికాలం కలిసి ఆ వృత్తికి స్వర్ణయుగాన్ని ముగించాయి.

అదే 1874లో, సాలార్ జంగ్ దివాన్‌గా ఉండగా, వాడి నుండి తాండూరు, వికారాబాద్‌ల మీదుగా సికింద్రాబాద్‌కు రైలు మార్గం ప్రారంభమైంది. అంతకుముందు దక్కన్ బాటలలో ఉప్పును, ధాన్యాన్ని ఎడ్లపై మోసినవారు లంబాడీలు, అనగా బంజారాలు. అలావుద్దీన్ ఖల్జీ కాలంలో ఢిల్లీకి ధాన్యం తెచ్చినట్లు బరనీ పేర్కొన్న ‘కార్వానీ’లు వీరి పూర్వీకులేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. 1632లో పీటర్ మండీ అనే ఆంగ్ల యాత్రికుడు ధాన్యం మోస్తున్న 14,000 ఎడ్లతో కూడిన ఒక తండాను చూసినట్లు వ్రాశాడు. 1791–92లో టిప్పు సుల్తాన్‌పై దండెత్తిన కంపెనీ సైన్యానికి ధాన్యం అందించినవారిలోనూ వీరున్నారు.

రైలు వచ్చాక ఎడ్లకు పని పోయింది. బతుకుదెరువు కోల్పోయినవారిలో కొందరు పశువుల దొంగతనానికి దిగిన మాట నిజమే. అయితే కొందరి నేరం జాతి మొత్తానికి అంటగట్టబడింది. బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద అనేక బంజారా సమూహాలు చేర్చబడ్డాయి. నిజాం రాజ్యంలోనూ వీరిపై పోలీసు నిఘా సాగింది. ఆ చట్టం రద్దయి, వారు ఆ ముద్ర నుండి విముక్తులైనది 1952లో. తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డు తెగల జాబితాలో స్థానం కల్పించినది 1976 నాటి సవరణ చట్టం.

పశువులనే నమ్ముకున్న ఈ రెండు వృత్తులనూ దెబ్బతీసినది రైలు మార్గమే. అయినా ఒకరు వీరులయ్యారు, మరొకరు నేరస్థులయ్యారు. కౌబాయ్ కథను ప్రదర్శనశాలల వారు చెప్పగా, నల్లజాతి కాపరి అందులోనుండి తొలగిపోయాడు. లంబాడీల కథను పోలీసు దస్తావేజులు చెప్పగా, వారు శతాబ్దాలపాటు చేసిన సేవ మరుగున పడింది. కథ ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో విచారించడం చరిత్రకారుని ప్రథమ కర్తవ్యం. వికారాబాద్, తాండూరు పరిసరాలలో నేడు స్థిరపడి వ్యవసాయం చేసుకుంటున్న తండాల వారి పూర్వీకులు రైలుకు ముందు దక్కన్‌కు ఉప్పును, ధాన్యాన్ని అందించారు. ఈ విషయం చెప్పనిదే ఆ ప్రాంతపు చరిత్ర పూర్తి కాదు.