జేబులో డబ్బుకి తాళం వేసిన మంత్రి

పెద్ద నోట్ల రద్దు అనగానే మనకి 2016 నవంబర్, ఏటీఎం క్యూలు గుర్తొస్తాయి. నాకు కమిల్ గుట్ కూడా గుర్తొస్తాడు.

నాజీల ఆక్రమణ కాలంలో లండన్‌లోని బెల్జియం ప్రవాస ప్రభుత్వానికి ఆర్థిక మంత్రి ఆయన. జర్మన్లు తమ ఖర్చంతా బెల్జియం మీద రుద్దడంతో అక్కడ నోట్లు పెరిగాయి, సరుకు కరువైంది. 1944 సెప్టెంబర్‌లో విముక్తి. అక్టోబర్‌లోనే గుట్ పెద్ద నోట్లు రద్దు చేశాడు. మనిషికి 2,000 ఫ్రాంకులే మార్చుకోనిచ్చాడు. బ్యాంకు ఖాతాల్లో చాలా భాగం స్తంభింపజేశాడు. అందులో 60 శాతం తర్వాత ప్రభుత్వానికి అప్పుగా మారింది. కొత్త నోట్లు మాత్రం ముందే ఇంగ్లండ్‌లో అచ్చయి ఉన్నాయి.

1946లో ఐఎంఎఫ్ తొలి అధిపతి అయ్యాడు. ఆయన సొంత కాగితాలు బ్రస్సెల్స్‌లో భద్రంగా ఉన్నాయి. చరిత్రకారులు వాటిలోంచి ఆ నిర్ణయం పుట్టిన తీరుని వెతికి రాశారు.

దొంగ లాభాలతో పాటు ఇంటి ఖర్చుల డబ్బూ ఇరుక్కుంది. అవసరం నిజమే, సన్నాహమూ నిజమే. అయినా ప్రవాసంలో తయారైన ఆ పథకంలో, ఆక్రమణలో బతికిన జనాన్ని ఎవరూ అడగలేదు. అదే నన్ను కలవరపెడుతుంది. నోటు మీద ఉండేది ప్రభుత్వం ఇచ్చిన మాటే. దాన్ని వెనక్కి తీసుకునేవాడు, ఎంత సమర్థుడైనా, జనానికి జవాబు చెప్పాలి.