మళ్ళీ కారింది!

పాడేరు ఘాట్ దిగుతోంది పాత మహీంద్రా జీపు. వెనక కాఫీ బస్తాలు, స్టీరింగు దగ్గర మావయ్య, పక్కన మేనల్లుడు. మలుపులో బ్రేకు తొక్కేసరికి బండి ఒక్కసారిగా కుడివైపు లాగింది. లోయా అటే ఉంది. మావయ్య స్టీరింగు ఒడిసిపట్టి, గేరు దించి, ఎలాగోలా కొండవారగా ఆపాడు.

దిగి చూస్తే ఎడమ వెనక చక్రం లోపలివైపంతా నల్లటి జిడ్డు.

"ఏటి మావయ్యా, మొన్ననే కదా సీలు మార్పించావు?"

"అంతకుముందూ మార్పించాన్రా అల్లుడూ. నెల తిరక్కుండా మళ్ళీ ఇదే తంతు."

హల్వాకు పేరుపడ్డ మాడుగులలో వాళ్ళిల్లు. చిన్న గేరులో నెమ్మదిగా అక్కడికి చేర్చారు. మెకానిక్కుకి కబురంపమంది అత్తయ్య. మావయ్య ససేమిరా అన్నాడు. మేనల్లుడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతున్నాడు, వాడికి కావలసిందీ అదే.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో పని మొదలైంది. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డేసి, వెనక జాకీ ఎత్తి, ఇరుసు కింద దుంగలు పేర్చారు. ఉత్త జాకీని నమ్మి బండి కింద దూరిన వాళ్ళ కథలు వేరే రకంగా రాయాల్సి వస్తుంది. డ్రమ్ము రాకపోతే మావయ్య సుత్తి అందుకున్నాడు. "వద్దు, బేరింగు పాడవుద్ది" అని కుర్రాడు అద్దెకు తెచ్చిన పుల్లరు బిగించాడు. కాసేపు మొరాయించి, టప్పుమని ఊడింది.

కుర్రాడు జిడ్డును రెండువేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. చిక్కగా ఉంది, గంధకంలా ఘాటుగా కంపు కొడుతోంది. గేరాయిలే. బ్రేకాయిల్ అయితే పల్చగా ఉండేది, అప్పుడు తప్పు వీల్ సిలిండరుది అయ్యేది.

బ్రేకు ప్లేటు వెనకున్న పల్చటి షిమ్ములను తీసినవి తీసినట్టే తీగకు గుచ్చి పక్కన పెట్టాడు. వాటి లెక్క తప్పితే బేరింగు బిగుసుకుపోతుంది, లేదా వదులైపోతుంది. షాఫ్టు లాగి, లోపలి సీలు ఊడదీశాడు. రేకు అంచు ఒకపక్క నొక్కుకుపోయి ఉంది.

"చూశావా మావయ్యా, ఒకేపక్క సుత్తితో కొట్టి వంకరగా దించేశారు."

సీలు తిరిగే చోట షాఫ్టు మీద గోరు పెట్టి గీశాడు. సన్నటి గాడిలో గోరు ఆగింది. పాత సీలు పెదవి ఏళ్ళతరబడి ఒరుసుకుని తొలిచిన గాడి అది. కొత్త సీలు పెదవీ అందులోనే కూర్చుంటే నూనె ఆగదు. అందుకని కొత్తదాన్ని ఒక పిసరు ఇవతలగా ఆపాలనుకున్నాడు. ఈ హౌసింగులో ఆ వెసులుబాటు ఉంది. లేని బండికి షాఫ్టు మీద స్లీవు తొడగాల్సిందే.

కన్నం అంచులు శుభ్రంగా తుడిచాడు. స్ప్రింగు ఉన్న ముఖం నూనె వైపు, అంటే లోపలికి ఉండాలి. సీలు అంచుకు సరిగ్గా సరిపోయే ఇనప గొట్టం ముక్క ఆనించి, చుట్టూ కొంచెం కొంచెంగా తడుతూ సమంగా దించాడు. పెదవికి గ్రీజు రాశాడు. పొడిగా వదిలేస్తే మొదటి కిలోమీటర్లలోనే మాడిపోతుంది. షాఫ్టు ఎక్కించేటప్పుడు మావయ్య బరువు పట్టుకున్నాడు, కుర్రాడు చేత్తో దారి చూపించాడు. స్ప్లైను పళ్ళు పెదవిని ఒక్కసారి గీరినా చాలు, పడిన శ్రమంతా బూడిదలో పోసినట్టే.

గొడవ బ్రేకు షూల దగ్గర వచ్చింది.

"పెట్రోలుతో కడిగి ఎండబెడితే సరిపోదేటి?"

"సరిపోదు. లైనింగు నూనె పీల్చేసింది. వేడెక్కితే మళ్ళీ ఊరుద్ది. రెండుపక్కలా కొత్తవి వెయ్యాల్సిందే."

మావయ్య గొణుక్కుంటూనే డబ్బు తీశాడు.

అంతా అయ్యాక కుర్రాడు మళ్ళీ బండి కింద దూరాడు. ఇరుసు హౌసింగు పైన, మట్టి పెళ్ళ కింద బొడిపెలాంటిది ఒకటి దొరికింది. బ్రీదరు. ఊడదీసి నోటితో ఊదాడు. గాలి పోలేదు.

అసలు దొంగ దొరికాడు. ఘాట్ మీద గేర్లు తిరిగితిరిగి నూనె వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటికి పోయే దారి బ్రీదరే. అది పూడుకుపోతే ఒత్తిడి సీలు మీద పడి, నూనెను బయటికి నెడుతుంది. ఎంత మంచి కంపెనీ సీలైనా ఎన్నాళ్ళని ఆగుతుంది? పాపం, వంకరగా కొట్టిన ఆ మెకానిక్కుది సగం తప్పే.

బ్రీదరును కిరోసిన్లో నానబెట్టి తీగతో పొడిచి బిగించారు. నూనెను ఫిల్లరు కన్నం అంచు దాకానే పోశారు, ఎక్కువైనా కారుతుంది కాబట్టి. బ్రేకుల్లో గాలి తీశాక జీపు మళ్ళీ పాడేరు ఎక్కి దిగింది. డ్రమ్ము తీసి చూస్తే లోపల పొడిగా ఉంది.

మీ జీపుకీ వెనక చక్రం దగ్గర నూనె కారుతుంటే, కొత్త సీలు కొనేముందు బ్రీదరు తీసి ఒకసారి ఊది చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.